గుండ్రటి సంతకాలు

"మా మైదానాన్ని అప్పులపాలు చేసింది నువ్వే సెట్టీ. నువ్వూ, నీ పక్కన పెద్దమనుషులని కుర్చీలేసుకోని కూసునే నీ చుట్టాలూ. అణా అణా చందా ఎత్తి, ముళ్ళు పీకి, మట్టి మోసి మేం చదును చేసుకున్న నేల గదా అది. దాని మీద రేకుల గాలరీ కట్టి, మాకే పన్నెండణాల టిక్కెట్టు పెట్టినావే."

మద్రాసు పెరంబూరు రైలు వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసే యతిరాజులు బల్ల గుద్ది ఈ మాటన్నాడు. శనివారం సాయంత్రం. వర్క్‌షాపు వదిలిన కూత చెవుల్లో ఇంకా మోగుతూనే ఉంది. ఫుట్‌బాల్ క్లబ్బు షెడ్డులో అతని వెనక పదిమంది కార్మికులు పనిబట్టలతోనే నిలబడ్డారు.

క్లబ్బు అధ్యక్షుడు కోదండరాం సెట్టి సౌకార్‌పేటలో మిరపకాయల టోకు వ్యాపారి. రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. ఆ మైదానం కోసం ఆయనకు చెమట పట్టడం అదే మొదలు.

"క్లబ్బు ఊరికే పెరుగుతుందా నైనా? బెంగుళూరు నుంచి ఆటగాళ్ళను తెస్తిని. చొక్కాల మీద ముక్కుపొడి కంపెనీ పేరు వేయిస్తిని. జనం రాలేదా?"

"జనమొచ్చిరి. దుడ్డు యాడికి పోయె?"

"వడ్డీకి."

"అప్పు నువ్వు చేస్తివి, నువ్వే తీర్చుకో. క్లబ్బు మాకిచ్చి లేచి పో."

సెట్టి వాదించలేదు. "సరే, రాసుకోండి" అన్నాడు.

యతిరాజులే కాగితం లాక్కుని రాశాడు. గోలు కంబం మొదలుకొని గుండుసూది దాకా క్లబ్బుకు సంబంధించిందంతా నేటి నుంచి ఇందులో సంతకాలు పెట్టిన కార్మికులదే అని.

"ఏదీ మిగల్చకుండా రాసినావా?" అని అడిగాడు సెట్టి.

"నీకు మేకు కూడా మిగల్లేదు పో."

సంతకాలు గుండ్రంగా పెట్టారు. వర్క్‌షాపులో దొరలకు అర్జీ ఇచ్చేటప్పుడు వాళ్ళ పద్ధతి అదే. వరసగా పెడితే మొదటి పేరువాడి ఉద్యోగం ఊడుతుంది. బండిచక్రంలా చుట్టూ పెడితే తల ఎక్కడో తోక ఎక్కడో ఏ దొరకూ అంతుబట్టదు. దాన్ని అందరికీ నేర్పినవాడు యతిరాజులు. ఇప్పుడూ తనే ముందు సంతకం పెట్టి కాగితాన్ని తిప్పాడు.

చివర సుబ్బన్ వంతు వచ్చింది. బాయిలర్లకు బొగ్గు మోసే కూలీ. నలభై ఏళ్ళు దాటాక యతిరాజులు దగ్గర పలక పట్టి పేరు రాయడం నేర్చుకున్నాడు. నాలుక బయటపెట్టి లావు లావు అక్షరాలు దిద్దాడు.

"సుబ్బా, మెల్లిగా నొక్కు, చక్రం ఇరిగిపోతాది" అన్నారెవరో. అందరూ నవ్వారు.

"కాగితం నా దగ్గరుండనీండి. రేపు ఎవరన్నా అడిగితే చూపించాల గదా" అని సెట్టి తాళంచెవులు బల్ల మీద పెట్టాడు. తాళాలు దొరికిన సంబరంలో ఎవరూ వద్దనలేదు. ఆయన బయటికి పోయి, బెంచీ మీద కాచుక్కూర్చున్న మనిషి చేతిలో ఆ కాగితం పెట్టి, రిక్షా ఎక్కేశాడు.

ఆ మనిషి లోపలికొచ్చాడు. సౌకార్‌పేటలో వడ్డీలకిచ్చే సేఠు దగ్గర గుమాస్తా, పేరు కృష్ణస్వామి.

"పద్దెనిమిది వేలు" అన్నాడు. "అప్పు నోటు క్లబ్బు పేరుతో ఉంది. క్లబ్బు ఇప్పుడు మీది."

"అది సెట్టి చేసిన అప్పు" అన్నాడు యతిరాజులు.

"గుండుసూది దాకా మీదేనని మీరే రాసుంటిరే. అప్పు గుండుసూది కన్నా చిన్నదా సామీ?"

కృష్ణస్వామి కాగితాన్ని చుట్టూ తిప్పి చూశాడు.

"మా సేఠు ముందు ఒకడి మీద దావా వెయ్యమన్నాడు. ఒకడి జీతం జప్తయి, ఒకడి సామాను వీధిలో పడితే, మిగతావాళ్ళు వాళ్ళంతట వాళ్ళే నెలనెలా కడతారు. అట్లయితే మైదానం జోలికి రాం. లేదంటే దాన్నే వేలం వేస్తాం. మొదలు సంతకం పెట్టింది ఎవరు?"

పదిమందీ నేల చూశారు. ఒక్కడు కూడా యతిరాజులు వైపు కన్ను తిప్పలేదు. చివరికి సుబ్బనే నోరు విప్పాడు.

"ఈడ మొదలూ లేదు, కొసా లేదు సామీ. తోలు ఒలిచినా మేం పేరు చెప్పం. అన్న మాకు అట్లనే నేర్పినాడు."

క్వార్టర్సులో యతిరాజులు పెళ్ళాం అలమేలు పొయ్యి రాజేసే వేళ. ఆ గిన్నెలు, ఆ మంచం, ఆమె కుట్టుమిషను వీధిలో పడి ఉన్నట్టు కళ్ళకు కట్టింది. అతను బల్ల మీదికి వంగి, లావు అక్షరాల మీద వేలు పెట్టాడు.

"మొదలు సంతకం పెట్టింది ఈ సుబ్బన్. సోమవారమే ఈడి మీద దావా వెయ్యండి."