రెండడుగుల లోతు

“పలక తీయించడమేమిటే? ఊరికే సంతకం పెట్టు,” అన్నాడు కౌన్సిలర్ మేనమామ, కొత్త మురుగుకాలవ మీద నిలబడి.

ఇంజనీరు మేనకోడలు కొలతల పుస్తకం చంకలో పెట్టుకుని సైగ చేసింది. కూలీలు గడ్డపారతో సిమెంటు పలక ఎత్తారు.

“మూడడుగుల లోతని రాయాలి మామయ్యా. కొలవకుండా ఎలా రాయను?”

“ఇంతకుముందు ఇంజనీర్లందరూ మా ఇంట్లో కాఫీ తాగుతూ రాసినట్టే! అసలు నీకీ ఉద్యోగం ఎవరి మాటతో వచ్చిందో మరిచిపోయావా?”

మరిచిపోలేదు. రోజూ దీపం పెట్టేటప్పుడు ఆయన చల్లగా ఉండాలనే మొక్కుకునేది. ఆమె టేపు సగం విప్పి ఆగిపోయింది.

ఎదురింటి దర్జీ దిగివచ్చాడు. “ఇలా ఇవ్వండమ్మా. నలభై ఏళ్లుగా కొలతల మీదే బతుకుతున్నాను.”

“ఏం దర్జీ, కాలవకి జాకెట్టు కుడతావా?”

దర్జీ నవ్వలేదు. కాలవలోకి దిగి కొలిచాడు. “రెండడుగులే. పాతదీ ఇంతేనండీ. అందుకే వాన పడితే మురుగు మా వంటింట్లో ఉండేది.”

“అన్నీ దేవుడు చూసుకుంటాడులే. పలక మూయండి.”

“చూస్తాడు మామయ్యా. మనల్ని కళ్లు మూసుకోమని మాత్రం చెప్పలేదుగా?”

ఆమె రెండడుగులని రాసి సంతకం పెట్టింది. పుస్తకం దర్జీకి అందించింది. “కొలిచింది మీరు. సాక్షిగా మీరూ పెట్టండి.”

దర్జీ పెట్టాడు. “నేనూ కొలుస్తా,” అంటూ పక్కింటావిడ కొంగు దోపుకుని వచ్చింది. ఆవిడ వెనక మరో నలుగురు నిలబడ్డారు.

“రేపే నిన్ను బదిలీ చేయిస్తా!”

ఆమె దర్జీ దగ్గర టేపు తీసుకుని పక్కింటావిడకి అందించింది.

“చేయించండి మామయ్యా. మరి ఈ వీధినెక్కడికి బదిలీ చేయిస్తారు?”