ఐదు వందల కాపీలు

"ఏం రాస్తాండావు పాపా, ప్రేమలేఖా?"

బెంచీ మీద పక్కనే కూర్చున్న హెన్రీ మెడ చాచి తొంగిచూశాడు. నలభైకి దగ్గరపడిన మనిషి. శివజ్యోతి నోటుబుక్కు కాస్త దగ్గరకు లాక్కుంది.

"యాష్‌గేట్ ఎప్పుడెప్పుడు, దేంట్లో వచ్చిందో రాసుకుంటాండా అన్నా."

యాష్‌గేట్ అంటే తుపాకి పట్టుకుని దయ్యాలను కాల్చుకుంటూ పోయే పాత కంప్యూటర్ ఆట. కర్నూలులోని ఈ చిన్న కంపెనీ దాన్ని కొత్త ఫోన్లలోకి తెస్తోంది. పాత వెర్షన్లన్నీ తెలిసిన మనిషి ఒకరు కావాలి. ఇంటర్వ్యూకి వచ్చింది వీళ్లిద్దరే. ఈ ఉద్యోగం రాకపోతే సోమవారం శివజ్యోతి తల్లితో పాటు గుంటూరు వైపు మిరపకోతలకు లారీ ఎక్కాలి.

"ఏ ఊరు?"

"కోసిగి."

హెన్రీ పగలబడి నవ్వాడు. "తాగేదానికి నీళ్లు లేని ఊర్లో దయ్యాల ఆటలా! మాది కడప. బద్వేలు చర్చి హాస్టల్లో ఉండంగానే ఇదంతా ఆడేసినా. చంపేది దయ్యాలనే కదా అని పాస్టరయ్యే ఒప్పుకున్నాడు. నువ్వు యాడ చూసినావు?"

"బడిలో అన్నా. ఒక పాత కంప్యూటర్ ఉండె."

"ఒక్కటేనా? దాని చుట్టూ అందరూ గొర్రెల మాదిరి నిలబడితిరా?"

శివజ్యోతి ఓరగా చూసింది. అతని చూపు పేజీ మీద ఒక్కో వరుసా దిగుతోంది. పెదవులు కదులుతున్నాయి. ఆమె పుస్తకం మూయబోయి ఆగి, అడుగున మరో వరుస రాసింది. తర్వాత దాన్ని ఒళ్లో అలాగే తెరిచి ఉంచింది.

హెన్రీ పుస్తకం లాక్కున్నాడు.

"1994, కంప్యూటర్. 96, టీవీకి తగిలించే పెట్టె. 2009, ఫోను. 1998... చేతిలో పట్టుకుని ఆడే బుల్లి మిషన్. ఐదు వందల కాపీలే. రక్తం నీలం." పెదవి విరిచాడు. "ఇదీ ఒక గొప్పేనా? నేను హాస్టల్లోనే ఆడి పారేసినా. నీకు చెప్పినోడెవడో గానీ కరెక్టుగానే చెప్పినాడు."

"మీరు ఆడినారా అన్నా?"

"శానా సార్లు. పో, ఈ బాటిల్లో నీళ్లు పట్టుకొని రా."

ఆమె నీళ్లు తెచ్చేసరికి అతను ఆ పేజీని ఫొటో తీసుకుని ఫోను జేబులో పెట్టుకుంటున్నాడు.

ముందు అతన్నే లోపలికి పిలిచారు. చాలాసేపటికి ఛాతీ విరుచుకుని బయటికొచ్చాడు.

"ఇంక బస్సు చూసుకో పాపా. ఆ మేడం నోరు తెరుచుకొని వినింది."

శివజ్యోతి లోపలికెళ్లి కూర్చుంది. మేనేజరు సుప్రజ ఆమెను నెమ్మదిగా ఎగాదిగా చూసింది.

"హెన్రీ గారు 1998 వెర్షన్ గురించే పావుగంట చెప్పారు. మీకు తెలుసా అది?"

"తెలుసు మేడం."

"ఎవరు తయారుచేశారంటే జపాన్ వాళ్లన్నారు. నిజమేనా?"

"కాదు మేడం."

"మరి ఎవరు?"

"నేనే మేడం, ఇందాక బయట బెంచీ మీద."