ఒక్కటే సెట్టు

మేకల మంద రోడ్డెక్కింది.

జాషువా బ్రేకు తొక్కాడు. ముందు చక్రాల దగ్గర ఇనుము గీసుకున్నట్టు గరగరమంది. కారు ఆగినట్టే ఆగి, ముందుకు జారి, చివరి మేకకు జానెడు దూరంలో నిలబడింది.

వెనక సీట్లో తల్లి ఒళ్లో తల పెట్టుకుని పడుకున్న సుస్మిత కళ్లు తెరవలేదు.

"ఏమైందయ్యా?" స్వర్ణ అడిగింది.

"బ్రేకులు పట్టుతలేవు."

పిల్లకు డెంగీ. పొద్దున చిగుళ్ల నుంచి నెత్తురు వచ్చింది. కొల్లాపూర్ డాక్టరు రక్తపరీక్ష చూసి, సాయంత్రంలోపు హైదరాబాద్ చేర్చమన్నాడు. జాషువా కిరాయికి తిప్పుకునే కారులోనే భార్యాభర్తలు పిల్లతో బయలుదేరారు.

కల్వకుర్తి దాకా ప్రాణాలు అరచేత పట్టుకుని మెల్లగా నడిపాడు. ఆదివారం. ఊళ్లో దుకాణాలన్నీ బంద్. రోడ్డు పక్కన దశరథ్ షెడ్డు ఒక్కటే తెరిచి ఉంది.

లోపల అదే రకం కారు ఒకటి జాకీ మీద ఉంది. పక్కన స్టూలు మీద తెల్లచొక్కా ఆయన కూర్చున్నాడు. యాభై దాటిన మనిషి.

దశరథ్ వంగి చక్రం చూశాడు.

"తొక్కితేనే చప్పుడొస్తాందా, ఊకె పోతుంటె గూడనా?"

"తొక్కితేనే. మొన్నటిదాక కీచుమనేది. ఇయ్యాల గరగర" అన్నాడు జాషువా.

"కీచుమన్నప్పుడే తేవద్దా అన్నా? గది నిన్ను పిలుసుడే."

"గిరాకీలల్ల వడి తేలేదు."

దశరథ్ చక్రం విప్పాడు. ప్యాడ్ల మీది పొర పూర్తిగా అరిగిపోయింది. ఇనుముకు ఇనుము రాసుకుని డిస్కు నిండా చారలు పడ్డాయి.

"గీటితోటి హైదరాబాద్ పోతె అందరు పోతరు. ప్యాడ్లు మార్చాలె. కని నా తాన ఒక్కటే సెట్టుంది. అది గీ అన్నకు తెచ్చిన. ఆయన బండికి గూడ గిదే రోగం."

"ఇంకోటి తెప్పియ్యవా?"

"రేపు పొద్దుగాల దుకాణం తెరువాలె."

స్వర్ణ పిల్ల తల కింద సంచి పెట్టి దిగింది. రోడ్డు మీదికి ఉరికి రెండు చేతులూ చాపింది. ఒక కారు పక్కకు తప్పుకుని పోయింది. ఇంకోటి హారన్ కొట్టుకుంటూ పోయింది. లారీ లేపిన దుమ్ములో కాసేపు అలాగే నిలబడి, వెనక్కి వచ్చి స్టూలు ముందు ఆగింది.

"అన్నా, నా బిడ్డ పాణం మీదికొచ్చింది. గా సెట్టు మాకియ్యి."

ఇంతలో ఆయన ఫోన్ మోగింది. "వస్తున్న. జర ఆగుమనుండ్రి" అని పెట్టేశాడు.

"ఏ ఊరు పోవాలె నువ్వు?" అంది స్వర్ణ.

"ఆత్మకూర్ అవుతల."

"బస్సుల పోరాదు?"

"రెండు బస్సులు మారాలెనమ్మా. దిగినంక లోపలికి..."

"మారితె ఏమైతది? తెల్లంగి నలుగుతదా? నీ ఇంట్ల సావొస్తె ఎర్కయితది నీకు."

"స్వర్ణా, ఊకో" అని జాషువా ఆమె చెయ్యి పట్టి లాగాడు.

ఆయన ముఖంలో కోపం లేదు. లేచి వాళ్ల కారు దగ్గరికి వెళ్లి అద్దంలోంచి తొంగి చూశాడు. పిల్ల పెదవుల చివర నెత్తురు ఎండిపోయి ఉంది.

"పేరేంది బిడ్డా?"

పిల్ల పలకలేదు.

"సుస్మిత" జాషువా చెప్పాడు.

ఆయన వెనక్కి తిరిగాడు.

"దశరథ్, ఆ సెట్టు గీళ్ల బండికెయ్యి."

"మరి నీదెట్లనే కాటమయ్యన్నా? అక్కడ..."

"వెయ్యిమన్న గద."

బోల్టులన్నీ బిగించేదాకా కాటమయ్య పక్కనే ఉండి పానాలు అందించాడు. జాషువా చేతులు జోడించాడు. స్వర్ణ మాత్రం ఆయన వైపు చూడలేదు. ఇచ్చేదేదో మొదలే ఇస్తే ఏం పోయేది అనుకుంది.

పొద్దు ఉండగానే హైదరాబాద్ చేరారు. ఆసుపత్రిలో డాక్టరమ్మ పిల్లను చూసి, ఒక్క ప్రశ్న కూడా అడగకుండా స్ట్రెచర్ వెంట తనే నడిచింది.

రక్తం ఎక్కించారు. ప్లేట్లెట్లు ఎక్కించారు. స్వర్ణ వరండాలో ప్రార్థన మొదలుపెట్టేది, మధ్యలో మాటలు మరిచిపోయేది.

ఒక మధ్యాహ్నం సుస్మిత కళ్లు తెరిచి, "అమ్మా, ఆకలైతాంది" అంది.

స్వర్ణ గోడకు ఆనుకుని ఏడ్చింది. ఏడుస్తుంటే తను షెడ్డులో అన్న మాట గుర్తొచ్చింది. ఆ రాత్రి పిల్ల నిద్రపోయింది గానీ తను నిద్రపోలేదు.

ఇంటికి బయలుదేరిన రోజు జాషువాతో కొత్త ప్యాడ్ల సెట్టు కొనిపించింది. కల్వకుర్తిలో ఆగి, డబ్బా పట్టుకుని షెడ్డులోకి వెళ్లింది.

"కాటమయ్యన్న ఏడుంటడు? నా చేతులతోటి ఇయ్యాలె."

దశరథ్ డబ్బా తీసుకోలేదు.

"వేరేటి తెప్పిచ్చి ఏసినక్కా. ఎన్నడో తీస్కపోయిండు బండి."

"నన్నేమన్న అన్నడా?"

"గా పిల్లెట్లున్నదో ఎర్కనా అని అడిగిండు. గంతే."

స్వర్ణ డబ్బాను గుండెకు ఆనించుకుంది. "ఆయనకు తొందరేం లేదనుకున్న. ఏం పని మీద పోతుండె అన్నా గానాడు?"

దశరథ్ చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు.

"ఆయన కోసం పొద్దు గూకేదాక ఆగిన్రట. ఇగ ఆగుడు కాదని లేపిన్రు. బస్సు దిగి ఉరికేసరికి మట్టి జేసుడు గూడ అయిపోయింది."

"ఎవరిని?"

"చెల్లెను. తల్లిగారింటి చీర కప్పందే ఆడబిడ్డను లేపరు గదక్కా, గా చీర పట్టుకొని పోవాల్సిన అన్న ఆయననే."