శవాసనం

నూకయ్య మళ్లీ లేచి కూర్చున్నాడు.

సావిట్లో మిగతావాళ్లంతా చాపల మీద వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకున్నారు. నూకయ్య ఒక్కడే మోకాళ్లు కావలించుకుని వాకిలివైపు చూస్తున్నాడు. ఒళ్లంతా చెమట.

తల దగ్గర కూర్చున్న అన్న అసిరయ్య అతని వీపు నిమిరాడు.

"పడుకో తమ్ముడూ. నానిక్కడే ఉన్నాను కదా. ఎక్కడికీ ఎల్లను."

నూకయ్య ఇంకాస్త ముడుచుకున్నాడు.

భీమశంకరరావుగారు నిట్టూర్చారు. బడిపంతులు ఉద్యోగం మానేశాక ఆయన అరసవల్లిలో తన ఇంట్లోనే యోగాసనాలు నేర్పుతున్నారు. తన ఉబ్బసం ఊపిరి సాధనతోనే పోయిందని అందరికీ చెబుతారు. చెప్పిందే మళ్లీ చెబుతారు కూడా. ఎంతోమందికి నయం చేశారు. ఈ ఒక్కడి దగ్గరే ఆయన విద్య ఆగిపోయింది.

అన్నదమ్ములిద్దరూ రంగూన్ రేవులో బియ్యం బస్తాలు మోసినవాళ్లు. బాంబులు పడ్డాక వేలమందితో పాటు కాలినడకన బయలుదేరారు. అరకాన్ కొండల్లో, జనం తొక్కిసలాటలో తమ్ముడు తప్పిపోయాడంటూ అసిరయ్య ఒంటరిగా ఇల్లు చేరాడు. తల్లి దాలమ్మ గుండెలు బాదుకుంది. వానలు వెనకబట్టాక నూకయ్య వచ్చాడు, ఎముకల గూడులా. కొండవాళ్లెవరో గంజి పోసి బతికించారట.

"జొరమొచ్చినాది. ఆ తరవాతేటీ గేపకం నేదు." ఎవరడిగినా అదే మాట.

అప్పటినుంచీ అతను నడుం వాల్చలేదు. కునుకంతా గోడకు చేరగిలబడే. వెల్లకిలా పడుకుంటే చాలు, గుండె దడదడలాడేది. లేచి ఇంటి చుట్టూ తిరిగేవాడు. దాలమ్మ తాయెత్తులు కట్టించింది. అమ్మవారికి మొక్కింది. ఏదీ పనిచెయ్యలేదు.

అసిరయ్య మాత్రం తమ్ముణ్ణి వదల్లేదు. తన చేత్తో అంబలి కలిపి ఇచ్చేవాడు. కాళ్లకు నూనె రాసేవాడు. చోడిచేను పని పక్కన పెట్టి, రోజూ తెల్లారేసరికి నాగావళి దాటించి అరసవల్లి తీసుకొచ్చేవాడు.

"అన్నంటే అలాగుండాల," అనేది పొరుగింటి తవిటమ్మ, తన కొడుకులకు వినిపించేలా.

పంతులుగారికి అసిరయ్య మొదటిరోజే చెప్పాడు. "దారంతా శవాల్ని సూసినాడు బాబూ. ఈడికి ఆ బయమే."

మిగతా ఆసనాలు నూకయ్యకు తొందరగా పట్టుబడ్డాయి. బిగుసుకుపోయిన ఒళ్లు విచ్చుకుంది. దగ్గు తగ్గింది. కూర్చుని ఊపిరిని గమనించమంటే బుద్ధిగా గమనించేవాడు. మొదట్లో లోపలంతా మంచు కమ్మినట్టుందన్నాడు. కొన్నాళ్లకి ఆ మంచులో ఒక దారి కనబడింది. తర్వాత వెదురుపొద. ఆ తర్వాత కాళ్లు. తన పక్కనుంచి నడిచిపోతున్న మనుషుల కాళ్లు.

"మంచిదే," అన్నారు పంతులుగారు. "అడుగున పడిపోయింది పైకొస్తోంది. దాని వెంటపడకు. రానీ."

ఇంటికి వెళ్లేటప్పుడు దారి పొడుగునా అసిరయ్య అడిగేవాడు.

"ఇయ్యాల ఏటి అవుపించినాదిరా? ఏటైనా గేపకమొచ్చినాదా?"

నూకయ్య చెప్పేవాడు. చెప్పిన రోజున అసిరయ్యకు ముద్ద దిగేది కాదు. తమ్ముడి బాధ చూడలేకపోతున్నాడని దాలమ్మ కళ్లు తుడుచుకునేది.

ఆఖరికి అసిరయ్యే పంతులుగారిని పక్కకు పిలిచాడు. "ఒంటికి సెయ్యించేవి సెయ్యించండి బాబూ. ఈ కళ్లు మూసుకోడం మానిపించీండి. ఆడు మరీ ఇదైపోతన్నాడు."

"ఇక్కడిదాకా వచ్చి ఆపితే జన్మంతా ఇలాగే ఉంటాడయ్యా," అన్నారు ఆయన.

అది నిన్నటి మాట. ఇవాళ కూడా నూకయ్య లేచి కూర్చునేసరికి భీమశంకరరావుగారు వచ్చి అతని ఎదుట చతికిలబడ్డారు.

"నూకయ్యా, ఇది చచ్చిపోవడం కాదురా. ఒళ్లు కదలదు, అంతే. లోపల నువ్వు మెలకువగానే ఉంటావు. అన్నీ వింటూనే ఉంటావు."

నూకయ్య తలెత్తాడు.

"కదల్లేపోయినా అన్నీ ఇనిపిస్తాయా బాబూ?"

"ఎందుకు వినిపించవు?"

నూకయ్య అన్నవైపు తిరిగాడు. "అన్నా, దాహమేస్తంది. నీళ్లట్టుకురా," అన్నాడు.

అసిరయ్య చెంబు తీసుకుని పెరట్లో నూతివైపు వెళ్లాడు.

నూకయ్య తనంతట తనే వెనక్కి వాలాడు. తల చాపకు ఆనింది. పాదాలు చెరోపక్కకీ ఒరిగాయి. పిడికిళ్లు విడిపోయాయి. కళ్ల కొసలనుంచి నీళ్లు జారి చెవుల్లోకి పోయాయి. తుడుచుకోలేదు. ఊపిరి నెమ్మదించింది. సన్నబడింది. రొమ్ము కదులుతోందో లేదో తెలియనంత సన్నబడింది.

పంతులుగారి మొహం వెలిగిపోయింది. ఎవరూ చప్పుడు చెయ్యవద్దని మిగతావాళ్లకు సైగ చేశారు.

నీళ్లతో వచ్చిన అసిరయ్య గుమ్మంలో నిలబడిపోయాడు. చెంబు అక్కడే పెట్టేశాడు. గబగబా వచ్చి, వంగి, చెయ్యి తమ్ముడి ముక్కు దగ్గర పెట్టాడు.

"పంతులుగోరూ, ఊపిరున్నాదా ఈడికి?"

నూకయ్య ఉలిక్కిపడలేదు. కళ్లు తెరవలేదు. పెదవులు మాత్రం కదిలాయి.

"ఉన్నాదన్నా, ఆ కొండ మీద నువ్విలాగే ముక్కుకాడ సెయ్యెట్టి సూసి, 'సచ్చిపోనాడు, నడండి' అని అందరికీ సెప్పిన రోజున కూడా నీ ఏలికి తగిలినంత ఉన్నాది."