వెయ్యి అడుగుల అవతల

జాహ్నవి చేతిలోని పీచ్ పండును కృష్ణవేణి గబుక్కున లాక్కుంది.

"అమ్మమ్మా! ఆ తాతగారే ఇచ్చారు!"

"ఎవరేమిచ్చినా పుచ్చుకోవడమేనా? పద, కార్లో కూర్చో."

పండ్ల సంచీ పట్టుకున్న హాలిస్ అదంతా చూశాడు. పిల్లకు దూరంగా జరిగి, చర్చి పార్కింగ్ లాట్ అంచున నిలబడ్డాడు.

అలా జరగడం అలవాటైన మనిషిలా జరిగాడు. కృష్ణవేణి అనుమానాన్ని అదే గట్టిపరిచింది.

ఆ చర్చి వెనక హాల్లో నెలకో శనివారం కలిసేవాళ్లందరిదీ ఒకే తీరు కష్టం. వాళ్ల ఇళ్లలో ఎవరో ఒకరు లైంగిక నేరం చేసి ప్రభుత్వ రిజిస్ట్రీకెక్కినవాళ్లు. ఫొటో, పేరు, అడ్రస్ అన్నీ ఇంటర్నెట్‌లో లోకమంతా చూసేలా ఉంటాయి.

కృష్ణవేణి కొడుకు నిశాంత్ ఫొటో కూడా అక్కడికి చేరబోతోంది. ఇరవై మూడేళ్ల వయసులో, పదిహేనేళ్ల పిల్లకు మెసేజ్‌లు పంపి, కలుసుకోవడానికి వెళ్లాడు. అది నేరం కాదని కృష్ణవేణి ఏనాడూ వాదించలేదు. కొడుకు కాదని మాత్రం అనలేకపోయింది.

మూడేళ్లకు పెరోల్ వచ్చింది. నెలాఖరులోగా ఉండబోయే ఇల్లు చూపించాలి, లేకపోతే లోపలే ఉండాలి. ఆ ఇల్లు స్కూలుకీ, డేకేర్‌కీ, పార్కుకీ, ప్రార్థనలు జరిగే చోటుకీ, పిల్లలు ఈతకొట్టే పూల్‌కీ వెయ్యి అడుగుల అవతల ఉండాలి.

కమ్మింగ్ ఊళ్లో వాళ్లిల్లు కమ్యూనిటీ పూల్‌కి ఎదురుగా ఉంది. వెనక వీధిలో గుడి.

"గుడికి నడిచి వెళ్లొచ్చని నువ్వేగా పట్టుబట్టి కొనిపించావు," అన్నాడు ఆమె భర్త చక్రపాణి, కారు స్టార్ట్ చేస్తూ. "ఇప్పుడు ఆ వెంకన్నను కాస్త అవతలికి జరగమను."

"వేళాకోళానికి మీకు ఓపికుంది. నాకు లేదు."

నిజానికి ఆయనకూ లేదు. చూసిన ప్రతి అద్దె ఇంటి దగ్గరా ఏదో ఒక డేకేర్ తేలేది. ఏదీ తేలని చోట, ఓనర్ నిశాంత్ పేరు ఇంటర్నెట్‌లో కొట్టి చూసి, ఆపైన ఫోన్ ఎత్తేవాడు కాదు.

మర్నాడు హాలిస్ ఫోన్ చేశాడు. డాసన్‌విల్ దాటాక, కోళ్ల ఫారాల మధ్య ఒక పాత ఇల్లుందట. ఓనర్‌కి ఉన్న సంగతంతా చెప్పే ఒప్పించాడట.

"కారు తెస్తానంటున్నాడు. వెళ్దామా?" అడిగాడు చక్రపాణి.

"ఆయన కార్లో నేనెక్కను. మన కార్లో వెనకాలే వెళ్దాం."

"ఎందుకే అంత భయం?"

"తనింట్లో ఎవరి తరఫున వస్తాడో ఒక్కసారైనా చెప్పాడా? మనం ఏడుస్తుంటే కాఫీలు పోస్తాడు, అంతే. అందుకే రిజిస్ట్రీలో వెతికాను."

"ఉన్నాడా?"

"లేడు."

"మరింకేం?"

"పేరు మార్చుకుని ఉంటాడు."

చక్రపాణి ఆమె వంక ఒకసారి చూసి, కారు తాళాలు అందుకున్నాడు.

ఆ ఇంటికి రంగు వెలిసిపోయింది. గాలి వీస్తే కోళ్ల కంపు. అయినా వంటింటి కిటికీలోంచి నీలంగా కొండల వరస కనిపించేసరికి, కృష్ణవేణికి ఎన్నాళ్లకో ఊపిరాడినట్లయింది.

హాలిస్ లోపలికి రాలేదు. టోపీ చేత పట్టుకుని గుమ్మం బయటే నిలబడ్డాడు.

"మా కోసం ఇంత తిరిగారెందుకు?" ఇంగ్లీషులో అడిగింది కృష్ణవేణి. ఆ గొంతులో కృతజ్ఞత కన్నా ఆరా ఎక్కువ.

"చోటు లేనివాడు ఎటు పోయాడో ఎవరికీ తెలీదు, మేడమ్. ఇల్లంటూ ఉంటే, వెళ్లి తలుపు తట్టి చూడొచ్చు."

సొంత అనుభవం చెబుతున్నాడనుకుంది ఆమె.

"ఎక్కడికెళ్లాడో మీవాడిని రోజూ అడగండి. విసుక్కున్నా అడగండి," అన్నాడు మళ్లీ.

పైగా నీతులు కూడానా, అనుకుంది.

వెళ్లేముందు హాలిస్ చెయ్యి చాచాడు. కృష్ణవేణి దణ్ణం పెట్టి సరిపెట్టింది.

పెరోల్ ఆఫీసర్ వచ్చి, దూరాలు కొలిచి, సరేనన్నాడు. నిశాంత్ బయటికొచ్చాడు. కొడుకుతో పాటు కృష్ణవేణి కూడా ఆ ఇంట్లోనే ఉండిపోయింది. మొదటి పూట పప్పుచారు కలుపుకుంటూ వాడు తలెత్తనే లేదు.

"ఎక్కడికెళ్లావురా?" అని ఆమె రోజూ అడిగేది.

"అబ్బా, గ్రోసరీకమ్మా," అని వాడు విసుక్కుంటూనే చెప్పేవాడు.

అలా అడిగిన ప్రతిసారీ ఆమెకు హాలిస్ గుర్తొచ్చేవాడు. ఆయన ఏ తప్పు చేసి ఉంటేనేం, శిక్ష అనుభవించాడు కదా అనిపించసాగింది. తర్వాతి నెల కలిసే శనివారం పులిహోర కలిపి, డబ్బాలో పెట్టుకుని హాలుకి వెళ్లింది.

ఆరోజు కాఫీ ఎవరికి వాళ్లే పోసుకుంటున్నారు.

"హాలిస్ గారు రాలేదా?" అడిగింది.

గ్రూప్ నడిపే కేరల్ ముఖం వాడిపోయింది. "మీకు తెలీదా? పోయిన వారమే పోయారు. గుండెపోటు."

కృష్ణవేణి పులిహోర డబ్బా ఒళ్లో పెట్టుకుని పక్కనున్న కుర్చీలో కూర్చుంది. మెల్లగా అడిగింది.

"ఎన్నేళ్లున్నారు పాపం?"

"ఎక్కడ?"

"జైల్లో."

కేరల్ అర్థంకానట్టు ఆమెనే చూసింది. తర్వాత పక్కనే కూర్చుంది.

"ఆయన జైలుకెందుకెళ్తారు, కృష్ణా?" అంది. "ఇలాంటి నేరానికే జైలుకెళ్లి విడుదలై, ఉండటానికి ఎక్కడా ఇల్లు దొరక్క, పోలీసుల కళ్లు కూడా కప్పి తిరిగినవాడొకడు ఎత్తుకుపోయింది ఆయన మనవరాలినే."