ఆఖరి బెంచీ అడిగిన ప్రశ్న

సభ మొదలుకాకముందే మేయరు గారు హాజరు పిలిచారు. ఏళ్ల తరబడి కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పిన నోరు. కుర్చీ మారినా అలవాటు మారలేదు. ఆలస్యంగా వచ్చిన కౌన్సిలర్లు గుమ్మంలో నిలబడి, "రావచ్చా సార్?" అని అడిగి మరీ లోపల అడుగుపెట్టారు.

సందర్శకుల వరుసలో ఆయన భార్య ముఖం ముడుచుకుని కూర్చుంది. కారణం ఇవాళ్టి తీర్మానం. ఊరికున్న ఒకే ఒక్క ఆటస్థలంలో దుకాణాలు కట్టాలని పార్టీ పెద్ద పట్టుబట్టాడు. మేయరు గారిని ఆ కుర్చీలో కూర్చోబెట్టింది అతడే. కాదంటే దింపేదీ అతడే.

పొద్దున నడక నుంచి ఆయన తిరిగి రాగానే ఆమె నిలదీసింది.

"పిల్లలెక్కడ ఆడుకుంటారండీ? మీ మేయరు బల్ల మీదా?"

"పార్టీ మాట నేను కాదనలేనే."

"ప్రిన్సిపాలుకే ఎదురు చెప్పిన మనిషి! ఏమైపోయాడో పాపం. ఇంతకీ ఆ చొక్కా చేతికి తెల్లగా ఏమిటది? రోజూ ఎక్కడ పూసుకొస్తారు?"

"గోడకు ఆనుకుని ఉంటాను," అంటూ ఆయన దులుపుకున్నారు.

సభలో ఆయన తీర్మానం చదివారు. కామా దగ్గర ఆగారు, చుక్క దగ్గర ఊపిరి పీల్చారు. సొంత పక్షం తలలన్నీ ఊగాయి. ఇక చేతులెత్తడమే తరువాయి.

వెనక వరుసలో ఒక చెయ్యి ముందే లేచింది.

ప్రతిపక్ష నాయకుడు. ఊరు అతడికి పెట్టిన పేరు ఆఖరి బెంచీ. మేయరు గారి క్లాసులో ఆ బెంచీకే అతుక్కుపోయి, ఏటేటా తప్పిన ఘనుడు. సభకు వచ్చిన కొత్తలో ఆవులించడానికి తప్ప నోరు తెరిచేవాడు కాడు. ఈమధ్య ఏమైందో, నాలుకకు పదును పెట్టించుకు వచ్చినట్టు మాట్లాడుతున్నాడు.

"మాస్టారూ..."

"మేయరు గారూ అనండి," కార్యదర్శి గద్దించాడు.

"మేయరు గారూ, ముందు నిర్వచనం చెప్పండి. దుకాణమంటే కొనేవాళ్లు రావాలి కదా? బజారు వీధిలో సగం దుకాణాలకు తాళాలు. కొత్తవి ఎవరి కోసం? ఇంకో మాట. వానొస్తే బజారు నీళ్లన్నీ ఆ ఆటస్థలంలోనే ఇంకుతాయి. అక్కడ సిమెంటు పోస్తే, ఆ నీళ్లు ఎవరి వంటింట్లోకి వెళ్తాయి?"

బజారు వీధి కౌన్సిలర్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్లంతా మేయరు గారి పక్షమే. కాకపోతే వంటిళ్లు వాళ్లవి.

మేయరు గారు కళ్లద్దాలు తుడుచుకున్నారు. గ్లాసెడు నీళ్లు తాగారు. "మంచి ప్రశ్న," అన్నారు. వెంటనే ఓటింగుకు పిలిచారు.

ఓటింగులో బజారు వీధి చేతులు బల్లల కిందే ఉండిపోయాయి. తీర్మానం వీగిపోయింది. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది మేయరు గారి భార్యే.

గుమ్మం దగ్గర పార్టీ పెద్ద మేయరు గారి భుజం తట్టాడు.

"మీ తప్పేముంది లెండి. వాడికెవడో బాగా నూరిపోస్తున్నాడు. ఎవడో కనిపెట్టండి."

"తప్పకుండా," అన్నారు మేయరు గారు వినయంగా.

ఆ పూట ఆయన మారు వడ్డించుకుని తిన్నారు.

"ఓడిపోయి వచ్చిన మనిషికి ఇదేం ఆకలండీ!" అని ఆవిడ ముక్కున వేలేసుకుంది.

మర్నాడు ఆయన నడకకు వెళ్లగానే, ఆమె డబ్బా నిండా మిఠాయి సర్దుకుని ఆఖరి బెంచీ ఇంటికి బయలుదేరింది. ఆటస్థలాన్ని కాపాడిన నోరు తీపి చేయాలి. మొగుడికి తెలిస్తే తెలియనీ!

చూపు ఆనని ముసలి తల్లి తలుపు తీసింది.

"ఎవరమ్మా? చప్పుడు చేయకు తల్లీ, లోపల మావాడికి ట్యూషన్ నడుస్తోంది."

"ఈ వయసులోనా పిన్నిగారూ!"

"ఏం చేయను? అప్పుడు వినుంటే ఇప్పుడీ తిప్పలుండేవా?"

ఆమె మునివేళ్ల మీద నడిచి గదిలోకి తొంగిచూసింది. ఆఖరి బెంచీ ఈసారి నల్లబల్లకు దగ్గరగా, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. చొక్కా చేతికి సుద్దపొడి అంటుతున్నా పట్టించుకోకుండా, వచ్చే సభలో తనను ఇరుకున పెట్టవలసిన ప్రశ్నను గుండ్రటి అక్షరాలతో ఆ బల్ల మీద రాస్తున్నారు, నడకకు వెళ్లిన మేయరు గారు.