గ్రీన్ మ్యాట్

“అసలు వీడియో ఉందా, ప్రసాద్?”

కుర్చీలో కూర్చోకుండానే అడిగింది వనజాక్షి టీచర్.

ఇందుకూరుపేటలో పెళ్ళి వీడియోలు తీసే పెంచలప్రసాద్ ఒకప్పుడు ఆమె దగ్గర చదువుకున్నవాడే. “ముందు నేను చేసింది చూడండి మేడమ్,” అన్నాడు.

తెర మీద వనజాక్షి రాకెట్ పాఠం చెబుతోంది. ఆమె వెనక శ్రీహరికోట. పొగ చిమ్ముతూ రాకెట్ లేచింది. బడి వరండాలో ఆమె వెనక గ్రీన్ మ్యాట్‌గా పట్టిన ఆకుపచ్చ గుడ్డ ఆనవాలు కూడా లేదు.

“సముద్రం గాలికి గుడ్డ ఒకటే ఊగులాట. ముడతకొక రంగు. అది తీసేదానికి కండ్లు పోయినాయి మేడమ్.”

“బాగా చేశావు. నాకు గుడ్డ తీయనిది కావాలి.”

“దాన్నేం చేసుకుంటారు?”

“నీకు పంపాక నా ఫోన్‌లోది చెరిపేశాను. నీ దగ్గర కూడా లేకపోతే ఇంకెక్కడా లేదు.”

ప్రసాద్ ఫోల్డర్లు తెరిచాడు. పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు. పాఠం లేదు.

“పని అయిపోతే డిలీట్ కొట్టేస్తా మేడమ్. ఈ సీజన్లో జాగా యాడ చాలతాది?”

వనజాక్షి కుర్చీ అంచు పట్టుకుంది. “నిదానంగా వెతుకు. ఇంటికి పోయి చేసేదేమీ లేదు.”

చివరికి రీసైకిల్ బిన్‌లో దొరికింది.

“మీ అదృష్టం. రేపైతే అదీ ఖాళీ చేసుండేవాణ్ణి.”

అప్పుడు కూర్చుందామె.

వీడియో మొదలైంది. గాలికి గుడ్డ ఉబ్బింది. అంచున నాలుగు వేళ్ళు కనిపించాయి. వెనక ఎవరో దగ్గారు. తెర మీది వనజాక్షి పాఠం ఆపి, విసుగ్గా వెనక్కి తిరిగింది. “కాసేపు కదలకుండా పట్టుకోలేరా?”

ప్రసాద్ నవ్వాడు. “మమ్మల్నీ ఇట్టానే తిట్టేవాళ్ళు మేడమ్. ఈ పిల్లోళ్ళకీ తప్పలేదు.”

ఆమె నవ్వలేదు. ఆ చోటే మళ్ళీ వేయమంది. చూసి, మళ్ళీ వేయమంది.

“ఇందులోంచి నన్ను తీసేయగలవా, ప్రసాద్?”

“మిమ్మల్నా? మిమ్మల్ని తీసేస్తే ఇంకేం మిగుల్తాది మేడమ్, గుడ్డ తప్ప?”

“మా ఆయన మిగుల్తాడు అబ్బయ్యా, ఇంట్లో వీడియోలన్నీ తనే తీసేవాడు, చనిపోయాక ఎంత వెతికినా ఆ గుడ్డ పట్టుకున్న వేళ్ళు తప్ప ఆయన ఎందులోనూ లేడు.”